పైడయ్య చొక్కా

ఇరవై రెండేళ్ళు వెల్డింగు నేర్పాక, నేను చేస్తున్నది తప్పని నాకు తెలియజేశారు. ప్రొజెక్టరు పెట్టి మరీ తెలియజేశారు.

అనకాపల్లికి కాస్త ఆవల, హైవే పక్కనుంటుంది మా ఐటీఐ. దానికి ఓ చలిదేశంతో ఒప్పందం కుదిరింది. ఆ దేశం పేరు మా ప్రిన్సిపాల్ చలపతిగారికి నోరు తిరగక 'భాగస్వామ్య దేశం' అనేవారు. నాకూ అదే అలవాటైంది. ఏడాది చివర అక్కణ్ణుంచి ఒకరు వచ్చి మా పిల్లల చేత జాయింటు వేయించి పరీక్ష చేస్తారు. నెగ్గినవాళ్ళకి ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. అది చూసి విశాఖలో ఓడలు కట్టే కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తుంది. ఇంతవరకూ ఎవరికి చేదు? కానీ ఒప్పందానికి ఓ తోక ఉంది. ఆ తోక పేరు ప్రభంజన్.

ప్రభంజన్ గారు రాజధాని నుంచి దిగిన 'అంతర్జాతీయ అభ్యసన పరివర్తన సమన్వయకర్త'. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చేతులు అప్పుడే పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బల్లా ఉన్నాయి. ఆ చేతులతోనే తెర మీద తొమ్మిది గళ్ళున్న బొమ్మ ఒకటి చూపించారు.

"ధర్మారావు గారూ, ఇరవయ్యొకటో శతాబ్దంలో ఉపాధ్యాయుడనేవాడు లేడు. ఉన్నవల్లా పాత్రలు. అంతర్జాతీయ పాత్రల చట్రం ప్రకారం వృత్తివిద్యా సిబ్బందికి తొమ్మిది పాత్రలు."

నేను గళ్ళన్నీ రెండుసార్లు చదివాను. పరిశీలకుడు ఉన్నాడు, ప్రేరకుడు ఉన్నాడు, సహ అభ్యాసకుడు, సంక్షేమ సహాయకుడు, పరిశ్రమల రాయబారి, ఆఖరికి ప్రపంచ పౌరుడు కూడా ఉన్నాడు.

"నేర్పేవాడు ఎన్నో గడిలో ఉన్నాడండీ?" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "బోధన కాలం చెల్లిన భావన. మీరు బోధించిన మరుక్షణం అభ్యాసకుడి స్వయం ఆవిష్కరణ హక్కుకి భంగం కలుగుతుంది. కాబట్టి పరికరాలు మీరు ముట్టకూడదు. అభ్యాసకుణ్ణీ ముట్టకూడదు."

"వెల్డింగు కూడా స్వయంగా ఆవిష్కరించాలాండీ?"

"మొదటివాడు ఆవిష్కరించాడు కదా. వీళ్ళెందుకు ఆవిష్కరించలేరు?"

చలపతిగారు చప్పట్లు కొట్టారు. ఆయన రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలే ఉంది. ఈ మధ్య ప్రతిదానికీ చప్పట్లే కొడుతున్నారు.

తొమ్మిది పాత్రలకీ తొమ్మిది రంగుల కోట్లు ఇచ్చారు. నలభై నిమిషాలకోసారి గంట కొడితే ఒకటి విప్పి ఇంకోటి తొడుక్కోవాలి. పిల్లలకేమో 'ఆవిష్కర్త' అని రాసిన ఊదారంగు కోట్లు. అన్నీ నైలానువే. నైలాను వేసుకుని వెల్డింగు షెడ్డులోకి వెళ్ళడమంటే పెట్రోలు బంకులో అగరొత్తి వెలిగించడమే. ఆ మాట అంటే ప్రభంజన్ గారు, "రంగులు అంతర్జాతీయ ప్రమాణాలకి సరిపోయాయి," అన్నారు.

ఇక్కడ మా వృత్తి మర్యాద ఒకటి చెప్పాలి. చిన్నపిల్లలకి పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తారు చూడండి, మా దగ్గరా అంతే. మొదటిరోజున ప్రతి శిష్యుడి చెయ్యీ నా చేతిలో పెట్టుకుని, వెల్డింగు రాడ్డు ఇనుముకి తగిలించి, మొదటి నిప్పు నేను రాజేయిస్తాను. రాడ్డు ఎంత ఎత్తులో పట్టాలో, ఎంత నెమ్మదిగా జరపాలో నోటితో చెబితే వచ్చేది కాదు. నాకూ మా గురువు అలాగే నేర్పాడు. ఆయన చెయ్యి మొరటుది, నోరు అంతకన్నా మొరటుది. కానీ ఆయన వేసిన అతుకు ఊడిందని నేను వినలేదు.

ఆ ఏడాది బ్యాచిలో పదహారుమంది. ఆడపిల్ల ఒక్కతే, నూకరత్నం. పూడిమడక దగ్గర సముద్రం ఒడ్డు పిల్ల. రెండేళ్ళు రొయ్యల కంపెనీలో పనిచేసి వచ్చింది. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వొలిచీ వొలిచీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. వేడి తెలీదు, వణుకు తెలీదు. రాడ్డు ఇనుముకి అంటుకుపోయినా దాని వేళ్ళకి కబురు అందదు.

"ఈ పరీచ్చ పోతే మళ్ళీ రొయ్యలకే ఎల్లాలి మాస్టారూ," అంది ఓరోజు. "నానెల్లను. మావోళ్ళందరూ పడవలెక్కి ఏటకెల్తారు. నాను ఓడకే పని సేత్తాను."

అలాంటి పిల్ల చెయ్యి పట్టుకోకుండా ఎలా నేర్పాలి? ఆ ప్రశ్నకి తొమ్మిది గళ్ళలో జవాబు లేదు.

సరే, మొదలుపెట్టాం. పొద్దున్నే పసుపు కోటు, సహ అభ్యాసకుణ్ణి. ఆ నలభై నిమిషాలూ నేను పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి, వాళ్ళు నాకు నేర్పాలి. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "మాకేటీ రాదు కదండీ, మీకేటి నేర్పమంటారు?" అన్నాడొకడు. ఆ మాట నేను రిజిస్టరులో రాస్తే 'అద్భుతమైన ఆత్మపరిశీలన' అని ప్రభంజన్ గారు ఎర్రసిరాతో మెచ్చుకున్నారు. మధ్యాహ్నం నీలం కోటు, ప్రపంచ పౌరుణ్ణి. షెడ్డు మూల ఒక గ్లోబు పెట్టారు. నేను దాని పక్కన నిలబడి విశాల దృక్పథంతో చూస్తూ ఉండాలి. చూశాను. నెల తిరిగేసరికి మా షెడ్డు ఇనుము నిండా అంటుకుపోయిన రాడ్లే, పందికొక్కులు తిరిగిన పొలంలా గుంటలే. ఆవిష్కరణ మాత్రం ఒక్కటి జరిగింది. నైలాను ఎంత బాగా మండుతుందో కనిపెట్టారు.

అది జరిగింది నేను తెల్లకోటులో, అంటే పరిశీలకుడిగా ఉన్నప్పుడు. నూకరత్నం రాడ్డు తగిలించింది, నిప్పురవ్వ ఎగిరి ఊదారంగు కోటు మీద పడింది. క్షణంలో అంచు అంటుకుంది. పిల్ల మొహం వెల్డింగు ముసుగు లోపలుంది, చూసుకోలేదు. నేను ఒక్క గెంతు గెంతి, ఆ కోటు చించి నేల మీద వేసి, చేతులతో చరిచి ఆర్పాను. నా అరచెయ్యి కాస్త కాలింది. పిల్లకి ఏమీ కాలేదు.

మర్నాడే విచారణ. ప్రిన్సిపాల్ గదిలో చలపతిగారు, ప్రభంజన్ గారు, గోడవారగా టీ ట్రే పట్టుకుని మా అటెండరు పైడయ్య.

"సంఘటన జరిగిన సమయం పదకొండు గంటల ఆరు నిమిషాలు," అన్నారు ప్రభంజన్ గారు. "ఆ సమయంలో మీరు ధరించిన పాత్ర?"

"తెల్లకోటండి. పరిశీలకుడు."

"పరిశీలకుడి విధి?"

"పరిశీలించడం."

"మరి మీరేం చేశారు?"

"పరిశీలించానండి. మంట కనిపించింది. ఆర్పాను."

"మొదటి రెండూ బాగున్నాయి. మూడోది పాత్రోల్లంఘన."

"ఆర్పకపోతే పిల్ల కాలిపోయేది గదండీ!"

ఆయన కాగితం తిప్పారు. "పదకొండుంపావుకి మీకు సంక్షేమ సహాయకుడి పాత్ర ఉంది. ఆకుపచ్చ కోటు. తొమ్మిది నిమిషాలు ఓపిక పట్టి ఉంటే మీరు నిబంధనల ప్రకారమే ఆర్పి ఉండేవారు."

నాకు నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. చలపతిగారి వంక చూశాను. ఆయన కిటికీలోంచి హైవే మీద లారీలు లెక్కపెడుతున్నారు.

"ఇది మొదటిసారి కనుక మెమోతో సరిపెడుతున్నాం," అన్నారు ప్రభంజన్ గారు. "ఇంకోసారి పాత్ర మీరితే ఆరునెలలు పునరవగాహన శిబిరానికి పంపిస్తాం. రాజధానిలో."

నేను పోతే నా జాగాలో వచ్చేవాడు లేడు. పరీక్ష నాలుగు నెలల్లో ఉంది. కడుపు మండి అడిగాను. "అయ్యా, నేను ఆర్పకూడదు సరే. ఆ షెడ్డులో మంట లేస్తే అసలెవరు ఆర్పొచ్చో అదైనా సెలవివ్వండి."

ఆయన నూటనలభై పేజీల చట్రం ముందుకీ వెనక్కీ తిరగేశారు. పైడయ్య టీలు ఇచ్చేశాడు, ఆ టీలు చల్లారిపోయాయి కూడా. చివరికి తలెత్తారు.

"అటెండరు ఆర్పవచ్చు. చట్రంలో అటెండరుకి పాత్ర లేదు. పాత్ర లేనివాళ్ళకి నిషేధమూ లేదు. అతను ఏమైనా ముట్టుకోవచ్చు."

పైడయ్య ఉలిక్కిపడి ట్రే గుండెకి హత్తుకున్నాడు. నేను మాత్రం ఆ క్షణంలో ప్రభంజన్ గారి కాళ్ళకి దండం పెడదామనుకున్నాను.

సాయంత్రం స్టోరు రూము వెనక పైడయ్యని పట్టుకున్నాను. "నీ చొక్కా ఓసారి ఇస్తావా?"

"నా సొక్కా మీకెందుకండీ మాస్టారూ? సెమట వాసనొత్తాది."

"పాఠం చెప్పుకోడానికి."

"ఓర్నాయనో! పాఠం సెప్పుకోడానికి నా సొక్కానా?"

"రోజూ భోజనాల వేళ గంటసేపు నేను అటెండర్ని. ఆ గంటా నువ్వు స్టోరులో పడుకో."

"నిద్దరంటే నాకేటీ ఇబ్బంది లేదండి," అన్నాడు వెంటనే. కాస్త ఆగి, "సర్కారోళ్ళు సదువు సెప్పడం మానిపించీసినారా మాస్టారూ?" అని అడిగాడు. అంత సూటిగా నన్ను విచారణలో కూడా ఎవరూ అడగలేదు.

ఆ చొక్కా ఖాకీది, మందపాటి కాటను. వెల్డింగుకి అంతకన్నా మంచి చొక్కా దేశంలో దొరకదు. మర్నాడు పన్నెండున్నరకి అది తొడుక్కుని షెడ్డులోకి వెళితే పిల్లలు బిత్తరపోయారు.

"ఈ గంటా నన్ను మాస్టారూ అన్నారంటే తోలు తీస్తాను. అటెండరు గారూ అనండి. ఆ ఊదాకోట్లు అవతల పారేసి రండి."

నూకరత్నానికి తోలు గ్లోవు తొడిగించి చెయ్యి పట్టుకున్నాను. రాడ్డు తగిలించాం. చిటపటమని రాజుకుంది. వదిలితే అంటుకుపోయింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ అంటుకుంది. రెండు వారాలు ఇదే వరస. మగపిల్లలు రాడ్డుతో అతుకు గీతలు గీసేస్తుంటే ఇది మాత్రం ముసుగు వెనక ఏడిచేది. ముసుగు తీస్తే చెమటండీ అనేది.

"నా ఏళ్ళకి తెల్దండి," అంది ఓరోజు. "ఐసు తినీసింది."

అప్పుడు నాకు తట్టింది. "వేళ్ళ సంగతి వదిలెయ్. చెవి పెట్టు. రాడ్డు సరైన ఎత్తులో ఉంటే చప్పుడెలా ఉంటుందో విను." చెయ్యి పట్టుకుని సరైన ఎత్తులో ఉంచాను. షెడ్డంతా నిశ్శబ్దం. కాసేపు వింది.

"అటెండరు గారూ, పునుగులేగినట్టుందండీ!"

"అదే. నూనె చల్లారిన చప్పుడైతే రాడ్డు దగ్గరైనట్టు. చిటచిటలాడితే దూరమైనట్టు. వేలు చెప్పకపోతే చెవి చెబుతుంది."

ఆ రోజు నుంచి అది ముసుగులో కళ్ళతో పాటు చెవులూ అప్పగించింది. నెలలో అది వేసిన గీత చూసి నాకే కన్ను కుట్టింది. నేను ఎప్పుడు చెయ్యి వదిలేశానో దానికి తెలియలేదు. నాకూ సరిగ్గా గుర్తు లేదు. పైడయ్య చొక్కాకి మాత్రం రవ్వలు పడి ఛాతీ మీదా చేతుల మీదా చిన్నచిన్న కన్నాలు పడ్డాయి. వాళ్ళావిడ రోజూ దెబ్బలాడుతోందని చెప్పేవాడు, "ఏ బీడీలు తాగితే ఇన్ని కన్నాలు పడతాయి?" అని.

మార్చిలో పరీక్ష. భాగస్వామ్య దేశం నుంచి వచ్చినావిడ పేరు ఇంగ్రిడ్. అరవై ఏళ్ళుంటాయి, తెల్లటి పొట్టి జుట్టు, మగవాళ్ళు వేసుకునే బూట్లు. ఆమెకి గుమ్మం దగ్గర పూలు జల్లించి, నా కోట్లు ఎనిమిది తీగ మీద ఆరేసి ప్రదర్శన పెట్టారు. నాకు మిగిలిన నీలం కోటు తొడిగించి గ్లోబు పక్కన నిలబెట్టారు. ఆవిడ ఆ కోట్లని ఒకసారి వేళ్ళతో నలిపి చూసింది. మొహం అదోలా పెట్టింది.

ఒక్కొక్కళ్ళూ జాయింటు వేశారు. దాన్ని ముక్కగా కోసి, ప్రెస్సులో పెట్టి గుర్రపునాడాలా వంచుతారు. అతుకు దగ్గర చీలిక కనిపించిందా, ఫెయిలు. ఇద్దరివి చీలాయి. పదమూడుమందివి నిలిచాయి. ఆఖర్న నూకరత్నం.

ముసుగు దించే ముందు ఒక్కసారి నా వంక చూసింది. నేను గ్లోబు మీద ఏదో సముద్రాన్ని పట్టి చూస్తున్నాను. కళ్ళే అటు, చెవులు దాని దగ్గరే. పునుగులు వేగడం మొదలైంది. మధ్యలో ఎక్కడా నూనె చల్లారలేదు.

ముక్క కోశారు. ప్రెస్సు దిగింది. ఇనుము వంగింది, ఇంకా వంగింది. ఇంగ్రిడ్ దాన్ని వెలుతురుకి పెట్టి, అతుకు మీద గోరు పెట్టి రాసింది. గోరు ఎక్కడా తట్టలేదు. రెండోసారి కూడా రాసి, ఆ ముక్కని నూకరత్నం చేతిలో పెట్టి భుజం మీద ఒక్క చరుపు చరిచింది. పిల్ల ముక్కని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవరు నేర్పారు?" అని అడిగింది ఇంగ్రిడ్. ప్రభంజన్ గారు తెలుగులోకి మార్చకుండానే సగర్వంగా జవాబిచ్చేశారు, ఇక్కడ ఎవరూ నేర్పరని, అంతా స్వయం ఆవిష్కరణేనని. ఆవిడ ఆయన మొహం చూసి, మళ్ళీ నూకరత్నాన్నే అడగమంది.

మెమో సంగతి నూకరత్నానికి తెలుసు. నా పేరు చెబితే నేను ఏమవుతానో తెలుసు.

"అటెండరు గారండి," అంది అది, రవ్వంత కూడా తడబడకుండా. అబద్ధం ఎక్కడుంది అందులో?

చలపతిగారికి పొలమారింది. పైడయ్యని పిలిపించారు. స్టోరులో నిద్రలో ఉన్నవాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. చొక్కా నిండా రవ్వల కన్నాలు. ప్రభంజన్ గారు ఆ కన్నాల్ని దగ్గరగా చూసి, "ప్రత్యక్ష సాక్ష్యం!" అన్నారు. పైడయ్య నా వంక చూశాడు. నేను కనుసైగ చేశాను.

"ఏదో, నాకొచ్చింది సెప్పినానండి," అన్నాడు పాపం.

ఇంగ్రిడ్ మాత్రం చొక్కా చూసి ఊరుకోలేదు. పైడయ్య ముంజేతులు చూసింది. నున్నగా ఉన్నాయి. తరవాత గ్లోబు దగ్గరకొచ్చి, నా కోటు చేతులు పైకి తోసి ముంజేతులు చూసింది. ఇరవై రెండేళ్ళ నిప్పు మచ్చలు ఎక్కడికి పోతాయి? ఆవిడ తన చొక్కా చేతులు పైకి మడిచింది. అవే మచ్చలు.

టీల వేళ ఇద్దరం నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడ్డాం. నాది ఐటీఐ ఇంగ్లీషు. ఆవిడదీ అంతంతమాత్రమే. అందుకే బాగా అర్థమైంది. వాళ్ళ బడిలోనూ కోట్లు వచ్చాయట, పన్నెండు. ఆవిడ ప్రతి శుక్రవారం బాయిలర్ గది కాపలావాడి డ్రెస్సు వేసుకుని పిల్లలకి నేర్పుతుందట.

"ఈ చట్రం పంపింది మీ దేశమే కదమ్మా?" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "మీ దేశం నుంచి వచ్చిందని మాకు చెప్పారే!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుకి కారణమేమిటని ప్రభంజన్ గారు వచ్చి అడిగితే, ప్రపంచ పౌరసత్వమని చెప్పాను.

పది రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. పైడయ్యని 'అంతర్జాతీయ స్వయం ఆవిష్కరణ మహా నిపుణుడి'గా నియమించారు. నా తొమ్మిది కోట్లూ తీసి అతనికిచ్చారు. ఆ క్షణం నుంచి అతను దేన్నీ ముట్టకూడదు.

"టీ కూడా పొయ్యకూడదంట మాస్టారూ!" అని నా దగ్గరకొచ్చి ఘొల్లుమన్నాడు. "గ్లోబు కాడ నిలబడమంటన్నారు. ఆ ఊర్ల పేర్లు సూత్తే నాకు కళ్ళు తిరుగుతన్నాయి."

నేను ఓదార్చి, తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఖాళీ అయిన అటెండరు పోస్టు నాకిమ్మని అర్జీ పెట్టాను. చలపతిగారు మొదటిసారి చప్పట్లు కొట్టలేదు.

"మతిపోయిందా ధర్మారావు గారూ? ఇరవై రెండేళ్ళ సర్వీసు! నాలుగు మెట్లు కిందికి దిగుతారా? నలుగురూ నవ్విపోరూ?"

"నలుగుర్నీ నవ్వనివ్వండి. నాకు పదహారుమంది చాలు."

ఆయన సంతకం పెట్టి, తల వంచుకునే, "భోజనాల వేళ ఒక్కటే ఎందుకు, రోజంతా ఉండండి షెడ్డులో," అన్నారు. ఆయనకి మొదట్నుంచీ తెలుసన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా ఆవిడ కూడా తప్పుపట్టలేదు. తొమ్మిది నైలాను కోట్లు ఉతికే బాధ తప్పింది, ఒక్క చొక్కాయే కదా అంది.

ఇప్పుడు మా షెడ్డులో కొత్త బ్యాచి నడుస్తోంది. మొదటిరోజున అందరి చెయ్యీ పట్టుకున్నాను. నూకరత్నం ఓడల కంపెనీ నుంచి వారానికోసారి ఫోను చేస్తుంది. మొన్న, "ఓడకి ఇంకా పేరెట్టలేదండీ, నాను అతుకెట్టీసినాను," అని చెప్పి పకపకా నవ్వింది. ఇప్పటికీ నన్ను అటెండరు గారూ అనే పిలుస్తుంది. రాష్ట్రపతి పిలిచి బిరుదిచ్చినా నాకు అంత ఆనందం ఉండదు.

నిన్న ప్రభంజన్ గారు తనిఖీకి వచ్చారు. నన్ను రెండు టీలు తెమ్మన్నారు. ఒకడి జాయింటు మధ్యలో ఉంది, వాడి చెయ్యి వదల్లేక అరగంట ఆలస్యంగా తెచ్చాను. చల్లారిన టీ తాగుతూనే ఆయన రిపోర్టు రాసుకున్నారు: షెడ్డులో బోధించే సిబ్బంది ఒక్కరూ లేరు, అభ్యాసకులు అద్భుతంగా నేర్చుకుంటున్నారు, ఉపాధ్యాయ రహిత విద్య సంపూర్ణంగా విజయవంతమైంది. కింద ఒక సిఫారసు కూడా చేశారు. టీ చల్లగా ఉన్నందున అటెండరు పోస్టు అవసరమా అన్నది పరిశీలించాలట.

పరిశీలించుకోనివ్వండి. గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చే నెల రిటైరవుతున్నాడు. చట్రంలో వాచ్‌మన్‌కి కూడా పాత్ర లేదు. అతని చొక్కా పట్టుకుని చూశాను. అదీ కాటనే.